సరస్సు బాగుకు ఎవరి వాటా ఎంత?

1950ల్లో అమెరికాలోని సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు పాడైపోతూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, పాడు చేసినవాళ్లలో ఎవరూ చట్టం తప్పలేదు. సియాటిల్ ఒకప్పుడు తన మురుగును నేరుగా సరస్సులోకి వదిలిన మాట నిజమే. కానీ 1930లు గడిచేలోపే ఆ కాలవలను సముద్రపు పాయ వైపు మళ్లించింది. తర్వాత 1940లో సరస్సు మీద తేలే వంతెన వచ్చింది. తూర్పు ఒడ్డున అడవీ తోటలూ ఉన్న చోట ఇళ్లు లేచాయి. 1953లో పురపాలకంగా ఏర్పడినప్పుడు బెల్‌వ్యూ జనాభా ఆరు వేలు. అలాంటి చిన్న ఊళ్లన్నీ బుద్ధిగా మురుగు శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాయి. ఒడ్డు చుట్టూ పది వరకూ కేంద్రాలు వెలిశాయి. ఒక్కోటీ నియమాల ప్రకారం మురుగును శుద్ధి చేసి, తేటపడ్డ నీటిని సరస్సులోకి వదిలేది. 1960ల మొదట్లో అవన్నీ కలిసి రోజుకు వదిలింది రెండు కోట్ల గ్యాలన్లు, మన లెక్కలో ఏడున్నర కోట్ల లీటర్లు.

ఆ నీళ్లు తేటగానే ఉండేవి. చిక్కంతా వాటిలో కరిగి, కంటికి కనబడకుండా ఉన్నదానితో వచ్చింది.

మామూలు మురుగు శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులు మలినాలను తినేస్తాయి. దుర్వాసన పోతుంది, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. అయితే ఆ మలినంలో ఉన్న భాస్వరం ఎక్కడికీ పోదు. కొంత అడుగున మడ్డిలోకి చేరుతుంది, ఎక్కువ భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. మనిషి తిన్న తిండిలోని భాస్వరం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటింటికీ చేరిన డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్లు, అంతా కలిసి శుద్ధి కేంద్రం దాటి సరస్సులో పడేది. పొలంలో అయితే దాన్నే సంచీకి ఇంత అని డబ్బు పెట్టి కొని చల్లుతాం. సరస్సులో అది నాచుకు ఎరువు అవుతుంది.

నీటిలో పెరిగే నాచుకు కర్బనం, నత్రజని, భాస్వరం మూడూ కావాలి, కానీ సమానంగా కాదు. భాస్వరం పరమాణువు ఒకటికి నత్రజనివి పదహారు, కర్బనానివి నూటికి పైగా అని సముద్రపు జీవుల మీద అమెరికన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ తేల్చిన లెక్క. కర్బనం గాలి నుంచి వస్తుంది. నత్రజనిని గాలి నుంచి పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచు జాతులు కొన్ని ఉన్నాయి. భాస్వరానికి గాలిలో అలాంటి నిల్వ లేదు. వందమందికి అన్నం, పప్పు, కూరలు వండి విస్తళ్లు మాత్రం ఇరవయ్యే తెస్తే బంతిలో కూర్చునేది ఇరవై మందే. చాలా మంచినీటి సరస్సుల్లో ఆ విస్తరి భాస్వరమే. అందుకే ఒక్క కిలో భాస్వరం అదనంగా పడితే వందల కిలోల పచ్చి నాచు పుట్టుకొస్తుంది.

1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ సరోవర శాస్త్రవేత్త డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ బృందానికి ఈ సరస్సు నీళ్లలో ఆసిలేటోరియా రుబెసెన్స్ అనే నాచు జాతి కనిపించింది. పేరుకు నాచే గాని నిజానికి అది సయనోబాక్టీరియా, సన్నని దారపు పోగుల్లా పెరుగుతుంది. చూసిన వెంటనే ఎడ్మండ్‌సన్‌కు భయం పట్టుకోవడానికి కారణం ఉంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సులో ఇదే జాతి 1890ల చివర్లో తలెత్తింది, ఆ తర్వాత ఆ సరస్సు క్షీణించిన చరిత్ర యూరప్ శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. అంటే రోగం ఇంకా ముదరకముందే దాని గుర్తు దొరికింది. ఇలాగే సాగితే సరస్సు ఎలా మారుతుందో, మురుగు ఆపేస్తే ఎలా కోలుకుంటుందో ఆయన ముందుగానే చెప్పాడు. సరస్సు విషయంలో జోస్యం చెప్పి, అది నిజమో కాదో బతికుండగా చూసుకోగలిగిన శాస్త్రవేత్తలు అరుదు.

శాస్త్రం వరకు స్పష్టమే. అసలు ముడి డబ్బు దగ్గర పడింది.

ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పురపాలక సభ్యుడి స్థానంలో ఉండి ఆలోచించండి. మా ఊరి మురుగును సరస్సులోకి పోనీయకుండా మైళ్ల కొద్దీ పైపు వేసి సముద్రం దాకా తీసుకెళ్లాలంటే ఖర్చంతా మా ఊరి జనం మీదే పడుతుంది. సరస్సుకు జరిగే మేలు మాత్రం పదో వంతే, మిగిలిన తొమ్మిది ఊళ్లూ వదులుతూనే ఉంటాయి కదా. ఆ కాస్త మేలు కూడా చుట్టూ ఉన్న అందరికీ సమానంగా పంచబడుతుంది. ఇంకో ఊరు ముందుకొచ్చి ఖర్చు పెడితే మాకు ఊరికే లాభం. కాబట్టి ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటే మెదలకుండా కూర్చోవడమే తెలివైన పని. పదిమందీ తెలివైనవాళ్లే కావడం ఆ సరస్సు దురదృష్టం.

ఈ ముడి విప్పే పని జేమ్స్ ఎల్లిస్ అనే లాయరు నెత్తికెత్తుకున్నాడు. ఊళ్లన్నీ కలిసి ఒక ఉమ్మడి సంస్థగా ఏర్పడడానికి వీలిచ్చే చట్టాన్ని రాష్ట్ర శాసనసభ 1957లో ఆమోదించింది. 1958 మార్చిలో ప్రజల ఓటింగ్ జరిగింది. ఇక్కడ నిబంధన గట్టిది: సియాటిల్‌లో విడిగా, బయటి ఊళ్లలో విడిగా, రెండు చోట్లా మెజారిటీ రావాలి. సియాటిల్ ఒప్పుకుంది, బయటి ఊళ్లు ఒప్పుకోలేదు. పెద్ద నగరం తమను మింగేస్తుందన్న అనుమానం వాళ్లది. పైగా ఆ ప్రతిపాదనలో మురుగుతో పాటు రవాణా, ప్రణాళిక కూడా కలిపి పెట్టారు. ఇంత అధికారం ఎవరికో రాసిస్తామా అన్నారు.

ఓడినవాళ్లు అలిగి కూర్చోలేదు. రవాణా తీసేశారు, ప్రణాళిక తీసేశారు. గట్టిగా వ్యతిరేకించిన పల్లె ప్రాంతాలను సరిహద్దు నుంచి తప్పించారు. మిగిలింది ఒక్క మురుగు. ఈత ప్రమాదమని హెచ్చరించే బోర్డు పక్కన నిలబడ్డ పిల్లల ఫొటోతో ప్రచారం చేశారు. ఆరు నెలలకు, సెప్టెంబరులో, మళ్లీ ఓటింగ్ పెడితే రెండు చోట్లా నెగ్గింది. ‘మెట్రో’ అని పిలుచుకున్న ఆ సంస్థ అలా పుట్టింది. ఈ కథలో నాకు ఎక్కువ నచ్చేది ఈ ఘట్టమే. పెద్ద ఆశయాన్ని కుదించుకుని, జనానికి కళ్లెదుట కనబడే ఒక్క పనికి పరిమితం చేసుకోవడం రాజకీయాల్లో తరచుగా చూసేది కాదు.

ఇక వాటాల లెక్క. ఊరి లోపలి వీధి పైపులు ఆ ఊరి పురపాలకానివే. ఊరి చివర నుంచి మొదలయ్యే పెద్ద ట్రంక్ లైన్లు, పంపింగ్ స్టేషన్లు, శుద్ధి కేంద్రాలు మెట్రోవి. మెట్రో ఇంటి యజమాని దగ్గరికి బిల్లు పట్టుకుని వెళ్లదు, ఊరికి టోకున బిల్లు వేస్తుంది. ఊరు తన జనం దగ్గర వసూలు చేసుకుని కడుతుంది. ఒక ఇల్లు అంటే ఒక యూనిట్. దుకాణాలు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు వాడే నీటిని కొలిచి, అది ఎన్ని ఇళ్లకు సమానమో లెక్కగడతారు. ఇప్పటి లెక్కలో నెలకు 750 ఘనపుటడుగులు, అంటే సుమారు 21 వేల లీటర్లు, ఒక ఇంటితో సమానం. మొదట్లో ఇంటికి నెలకు రెండు డాలర్లకు అటూ ఇటూగా పడింది. శుద్ధి కేంద్రం గోడ పక్కనున్న ఊరికీ, ఇరవై మైళ్ల అవతలి ఊరికీ యూనిట్ ధర ఒకటే. దూరాన్ని బట్టి ధర వేసి ఉంటే దూరపు ఊళ్లు చేరేవే కావు. అవి చేరకపోతే సరస్సు బాగుపడేదే కాదు.

ఈ సమాన ధర న్యాయమేనా? వాదించుకోవచ్చు, అక్కడివాళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. కొత్తగా వచ్చే ఇళ్ల కోసం పైపులు పెద్దవి చేస్తే పాతవాళ్లు ఎందుకు కట్టాలన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబుగా 1990 నుంచి కొత్త కనెక్షన్ల మీద అదనపు రుసుము పెట్టారు. సూత్రం మారవచ్చు. కానీ సూత్రం ఏమిటో కాగితం మీద ఉంది, దీర్ఘకాల ఒప్పందాల్లో సంతకాలు పడి ఉంది. ఆ చార్జీల రాబడిని చూపించి బాండ్లు అమ్మారు. 12 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన పని అలా సాధ్యమైంది.

1963లో మొదటి విడత మురుగును మళ్లించారు. అప్పటికి సరస్సు దుస్థితి పరాకాష్ఠకు చేరి, స్థానిక పత్రిక దానికి ‘లేక్ స్టింకో’ అని, అంటే కంపు సరస్సు అని పేరు పెట్టింది. తెల్ల పళ్లెం ఒకటి తాడుకు కట్టి నీళ్లలోకి దించి, అది ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూడడం సరోవర శాస్త్రంలో పాత పద్ధతి, దాన్ని సెక్కీ పళ్లెం అంటారు. 1950లో నాలుగు మీటర్ల దాకా కనిపించిన పళ్లెం ఆ రోజుల్లో ఒక మీటరుకే మాయమయ్యేది. 1968లో చివరి శుద్ధి కేంద్రం నీళ్లు కూడా ఆగిపోయాయి. లీటరు నీటికి 70 మైక్రోగ్రాముల దాకా ఎక్కిన భాస్వరం కొన్నేళ్లలోనే 20 కిందికి దిగింది. 1976 నాటికి ఆసిలేటోరియా దాదాపు కనుమరుగైంది. అది పోవడంతో దాని పోగులు నోట్లో చిక్కుకుని తిండి తినలేక అల్లాడిన డాఫ్నియా అనే చిన్న నీటి జీవులు విపరీతంగా పెరిగాయి. అవి మిగిలిన నాచును మేసేశాయి. పళ్లెం వేసవిలో ఏడు మీటర్ల దాకా కనబడసాగింది. సరస్సు 1950లో ఉన్న స్థితిని దాటి ఇంకా తేటపడుతుందని ఎడ్మండ్‌సన్ కూడా ఊహించలేదు.

ఇలా కోలుకోవడానికి సరస్సు అదృష్టం కూడా కొంత తోడైంది. క్యాస్కేడ్ పర్వతాల నుంచి వచ్చే సీడర్ నది నీళ్లలో భాస్వరం తక్కువ. సరస్సు నీరంతా రెండు మూడేళ్లలో మారిపోతుంది. లోతు 65 మీటర్ల వరకూ ఉంది. నాలుగైదు అడుగుల లోతుతో, అడుగున దశాబ్దాల బురద పేరుకున్న మన చెరువులకు ఇంత తొందరగా నయం కాదు. ఆ బురదే ఏళ్ల తరబడి భాస్వరాన్ని పైకి వదులుతుంది.

వాషింగ్టన్ సరస్సు కోలుకుంటున్నప్పుడు తీసిన కొలతలు ఇంకో పెద్ద తగువును కూడా తీర్చాయి. నాచుకు మూలం భాస్వరం కాదు, కర్బనం అని 1960ల చివర్లో ఒక వాదం బలంగా వినిపించింది. డిటర్జెంట్ కంపెనీలకు ఆ వాదన ముద్దొచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ సరస్సులో మురుగు ఆగాక నత్రజని కొద్దిగానే తగ్గింది. భాస్వరం బాగా పడిపోయింది, దానితో అడుగులో అడుగు వేసి నాచు పడిపోయింది. ఎడ్మండ్‌సన్ 1970లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించాడు. ఆ తర్వాత 1973లో కెనడాలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ 226 నంబరు ప్రయోగ సరస్సును తెరతో రెండుగా చీల్చాడు. ఒక సగంలో కర్బనం, నత్రజని మాత్రమే పోశాడు, రెండో సగంలో భాస్వరం కూడా కలిపాడు. భాస్వరం పడ్డ సగం పచ్చగా మారింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇంతా చేసి మురుగు ఎక్కడికి పోయింది? పశ్చిమాన ఉన్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి. అక్కడ నీళ్లు లోతు, పోటు బలం ఎక్కువ, భాస్వరం సహజంగానే పుష్కలం, కాబట్టి ఫర్వాలేదన్నది అప్పటి లెక్క. భాస్వరం వరకు ఆ లెక్క సరైనదే. కానీ మెట్రో వారి వెస్ట్ పాయింట్ శుద్ధి కేంద్రంలో, సూక్ష్మజీవులు పనిచేసే రెండో దశ శుద్ధి 1995 దాకా రాలేదు. సముద్రపు నీటిలో నాచును అదుపులో ఉంచేది ఎక్కువగా నత్రజని. అందుకే ఇప్పుడు ఆ పాయలో నత్రజని గొడవ మొదలైంది. రాష్ట్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరులో శుద్ధి కేంద్రాల నత్రజనికి కళ్లెం వేసే పర్మిట్ తెచ్చింది. ఖర్చు భరించలేమంటూ నగరాలూ మురుగునీటి సంస్థలూ దాన్ని సవాలు చేశాయి. దీనికి చాలా ముందే మెట్రో పాలక మండలికి కూడా చిక్కొచ్చింది. జనాభాకు తగ్గ నిష్పత్తి లేకుండా ఊళ్ల ప్రతినిధులతో నడిచే పద్ధతి, ఒక మనిషికి ఒక ఓటు అనే రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమని 1990లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 1994లో మెట్రో కింగ్ కౌంటీలో కలిసిపోయింది. సంస్థ పోయినా పద్ధతి మిగిలింది. ఇప్పటికీ ముప్పైకి పైగా స్థానిక సంస్థలు తమ మురుగును కౌంటీకి అప్పగించి యూనిట్ లెక్కన కడుతున్నాయి. బెల్‌వ్యూలో, రెడ్‌మండ్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల బిల్లుల్లోనూ ఆ వాటా ఉంది. రెండు డాలర్లతో మొదలైనది 2024లో నెలకు 55 డాలర్లు దాటింది.

పైపు మొదలు ఎక్కడో తెలిస్తే మళ్లించవచ్చు. పైపే లేని చోట? విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్ పక్కనున్న మెండోటా సరస్సు సంగతి చూడండి. పైఊళ్ల మురుగునీటిని 1971లో దానిలోకి రాకుండా మళ్లించారు. వాషింగ్టన్ సరస్సులా అది తేటపడలేదు. కారణం పాడిపశువుల పెంట, మొక్కజొన్న చేల ఎరువు. మంచు కరిగినప్పుడూ గట్టి వాన పడినప్పుడూ అవి కొట్టుకొస్తాయి. వేల పొలాల నుంచి వచ్చేదానికి కుళాయి కట్టలేం కదా.

అక్కడి పరిష్కారం ఇంకా ఆసక్తికరం. రాష్ట్ర నియమాలు భాస్వరం హద్దులను బిగించినప్పుడు, మాడిసన్ మురుగునీటి సంస్థ ముందు రెండు దారులున్నాయి. కోట్లు పోసి యంత్రాలు పెట్టి, తన నీటిలో మిగిలిన ఆ కాస్త భాస్వరాన్ని తీయడం ఒకటి. అదే డబ్బు రైతుకిచ్చి, పొలం నుంచి అంతకంటే ఎక్కువ భాస్వరం రాకుండా ఆపడం రెండోది. శుద్ధి కేంద్రంలో చివరి కిలో తీయడం ఎప్పుడూ ఖరీదైన పని. పొలంలో మొదటి కిలో ఆపడం చవక. ‘యహారా విన్స్’ పేరిట 2012లో ఒక చిన్న వాగు పరీవాహకంలో ప్రయోగం మొదలుపెట్టి, 2017 నుంచి ఇరవై ఏళ్ల పథకంగా మార్చారు. నగరాలు, గ్రామాలు, శుద్ధి కేంద్రాలు తమ మీదున్న భాస్వరం బాధ్యత ఎంతో దాని నిష్పత్తిలో ఉమ్మడి నిధికి కడతాయి. నిధి మాత్రం ఎక్కడ చవకగా ఎక్కువ భాస్వరం ఆగుతుందో అక్కడికి పోతుంది. వాగు గట్టున గడ్డి పట్టీలు వేస్తారు, పంట లేని నెలల్లో నేలను కప్పే పైరు వేస్తారు, పెంటను పైన చల్లకుండా మట్టిలోకి దించుతారు. ఎవరు కట్టాలన్నది ఒక లెక్క, ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది ఇంకో లెక్క. ఈ రెంటినీ విడదీయడమే ఆ పథకంలోని అసలు తెలివి.

న్యూజిలాండ్‌లోని టౌపో సరస్సులో శత్రువు నత్రజని, అది కూడా పచ్చిక బయళ్ల నుంచి భూగర్భ జలం గుండా ఏళ్ల తరబడి ప్రయాణించి వస్తుంది. నేడు ఆపినా ఫలితం కనబడేది దశాబ్దాల తర్వాతే. ఈ తరం కడితే వచ్చే తరానికి మేలు చేసే ఖర్చును ఒక్క ఊరి నెత్తిన వేయలేమని 8 కోట్ల 15 లక్షల న్యూజిలాండ్ డాలర్ల నిధి పెట్టారు. అందులో 45 శాతం కేంద్ర ప్రభుత్వానిది, 33 శాతం ప్రాంతీయ మండలిది, 22 శాతం జిల్లా మండలిది. 2020 కల్లా రావాల్సిన తగ్గింపుకు సంబంధించిన ఒప్పందాలు ఐదేళ్లు ముందే పూర్తయ్యాయి.

మన దగ్గర? హుస్సేన్‌సాగర్‌లోకి వచ్చే కూకట్‌పల్లి నాలా చాలా ఏళ్లు వేరే పురపాలకాల ఇళ్లనూ జీడిమెట్ల పరిశ్రమలనూ దాటుకుంటూ వచ్చింది. 2007లో 12 పురపాలకాలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిసి జీహెచ్‌ఎంసీ అయ్యాక ఆ సరిహద్దులు కాగితం మీద చెరిగిపోయాయి, సాగర్ మాత్రం తేటపడలేదు. గీతలు చెరపడం ఒక్కటే మందు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కొల్లేరుది మెండోటా కథకు దగ్గర. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే ఊళ్ల మురుగు ఒకవైపు, చేపల చెరువుల మేత, ఎరువు ఇంకోవైపు. 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన ఆ సరస్సు బాగుకు విజయవాడ ఎంత కట్టాలి, ఏలూరు ఎంత కట్టాలి, చెరువుల యజమానులు ఎంత కట్టాలి అన్న మాట ఆక్రమణల చర్చలో ఎప్పుడూ వెనకపడిపోతూనే ఉంది. గుర్రపుడెక్కను ఏటా యంత్రాలతో తీస్తాం, దాన్ని పెంచే భాస్వరాన్ని మాత్రం ఏటా లోపలికి రానిస్తాం.

మీ ఊరి చెరువు సుందరీకరణకు ఇన్ని కోట్లు మంజూరయ్యాయన్న వార్త చదివితే, నడక బాటలూ లైట్లూ ఎన్నో లెక్కపెట్టకండి. ఆ అంచనాల్లో ఎగువ పంచాయతీల పేర్లున్నాయా, వాటి నుంచి ఎంత భాస్వరం వస్తోందో కొలిచారా, ఎవరి వాటా ఎంతో రాశారా అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి.